బాపు బుల్లెట్‌కు వెనక టైరు

మంగళవారం, పడుకునే ముందు

మా బాపు పాత బుల్లెట్‌కు వెనక టైరు కొందామని సాయంత్రం మైలార్‌దేవ్‌పల్లిలో ఖలీల్ భాయ్ దుకాణానికి వెళ్లి, ఉత్త చేతులతో తిరిగొచ్చాను. ఇంత చిన్న పనికి బుర్ర ఇలా తిరిగిపోతుందేమిటో!

ఎయిర్‌పోర్టు డ్యూటీకి పోవాలంటే తారు రోడ్డు. ఆదివారం బాపును వెనక కూర్చోబెట్టుకుని మంఖాల్ చేనుకు పోవాలంటే మట్టి బాట. లోతు గడుల టైరు వేస్తే బురదలో పట్టు ఉంటుంది, కానీ మట్టి బాట వచ్చేదాకా తారు మీద ఆ అదురుకు బాపు నడుము తట్టుకోలేదు. రోడ్డు టైరు వేస్తే మొన్న వానకు జారినట్టే మళ్లీ జారుతాం.

“రెండిట్ల జర జర పనిచేసేది గూడ ఉంది భయ్యా” అన్నాడు ఖలీల్ భాయ్. అంటే ఎందులోనూ సరిగా పనిచేయదనేగా?

అన్నం తినేటప్పుడు బాపునే అడిగాను.

“ఏదీ వద్దు. అరిగిందే ఉండనియ్యి.”

“మళ్ల పడ్తం బాపూ!”

“జారుతదని భయముంటెనే నువ్వు మెల్లగ పోతవ్. తొవ్వల నలుగురు కనవడ్తరు, మాట్లాడ్త. మంచి టైరేస్తే ఇగ నువ్వు యాడ ఆగుతవ్?”

కోపమొచ్చింది. అరిగిన టైరు మీద ఈ వయసులో ఆయన్ని తిప్పాలా? రేపు కొత్తది వేయించడం ఖాయం. ఏది వేయించాలో మాత్రం ఇప్పటికీ తేలలేదు.

మొన్న మేము పడ్డప్పుడు చేలల్లోంచి పరుగెత్తుకొచ్చిన వాళ్లందరినీ బాపు పేరు పెట్టి పిలిచాడు. నాకు ఒక్కరి పేరూ తెలియదు.