వెనక ఇరుసు మీద పచ్చ గీత

సెప్టెంబరు 28, ఆదివారం
పొద్దున రేణిగుంట రోడ్డులో మా ఆయన పాత అమెరికా కారు తిప్పాము. నేను వెనక సీట్లో. ఆయనకు సన్న శబ్దాలు వినపడవు — నా చెవే ఆయన చెవి. యాక్సిలరేటర్ వదలగానే వెనక ఇరుసులో కూత. చెప్పాను.
మస్తాన్ మేస్త్రీ కారును స్టాండ్ల మీద ఎత్తి చూశాడు. "ఇరుసు లోపల క్రౌన్ చక్రం పళ్లు అరిగిండాయి సార్. విప్పాల."
"విప్పినావంటే చేతులిరగ్గొడతా. ఫ్యాక్టరీలో బిగించిన బోల్టులప్పా అవి. గుర్తులు చెరగకూడదు."
గుర్తులంటే నంబర్లేమో అనుకున్నాను.

అక్టోబరు 1, బుధవారం
ఆయుధ పూజ. కారు ఇంకా స్టాండ్ల మీదే. కింద కూడా తుడిచాను. ఇరుసు మధ్య గుండ్రటి పెట్టె మీద పచ్చ గీత — పోయినేడాది నేనే పూసిన పసుపని చింతపండుతో తోమేశాను. కొత్తగా పసుపు రాసి, మూడు కుంకుమ బొట్లు.

సాయంత్రం. అది పసుపు కాదట. అమెరికాలో తనిఖీ చేసినవాడు గీసిన గీత. అరవై ఏళ్లుగా ఉందట. మదనపల్లె పాత కార్ల ప్రదర్శనలో జడ్జీలు చూసేది దాన్నేనట.
అరవలేదు. నవ్వాడు.

అక్టోబరు 3, శుక్రవారం
ఆయన కార్ల స్నేహితులు వచ్చారు. కాఫీ ఇచ్చి లోపలికి పోబోతే — "యాడికి? ఏం చేసినావో నీ నోటితోనే చెప్పు."
చెప్పాను.
"గట్టిగా. గోవిందా అనేదానికి లేస్తాదే గొంతు!"
మళ్లీ చెప్పాను.
"పచ్చగా ఏది కనపడినా బొట్టు పెడతాదబ్బా. రేపు కామెర్లోడు ఎదురైతే వానికీ హారతే."
అందరూ నవ్వారు. ఒకాయన మాత్రం కప్పులోకి చూసుకున్నాడు.

అక్టోబరు 4, శనివారం
ఉపవాసం. ఈ రోజు పాలవాడికి కూడా నా నోటితోనే చెప్పించాడు.

అక్టోబరు 7, మంగళవారం
మళ్లీ వెనక సీట్లో. కూత పెరిగింది. అడుగున గరగర కూడా.
"వస్తుండాదా?"
"లేదు."
"నిజంగా?"
"లేదండీ. మెత్తగా పోతోంది."
అబద్ధం ఇంత సులువని తెలియదు. ఇంటికొచ్చి తలస్నానం చేశాను.

అక్టోబరు 9, గురువారం
మస్తాన్ గేటు దగ్గరే నిలబడ్డాడు. "అమ్మా, శబ్దం పోయిండాదంటాడు సారు. నాకు వీధి చివర్నుంచే వినపడతాండాది. పళ్లు ఇరిగితే వెనక చక్రాలు పట్టేస్తాయి. ఘాట్‌లో అట్లయితే... మీరు చెప్తే వింటాడు."
నేను చెప్తే!
"చెప్తాలే మస్తానూ" అన్నాను.
చెప్పలేదు.

అక్టోబరు 11, శనివారం
రేపు మదనపల్లె. "నువ్వు రావద్దు. ఆడ ఇంకేం తోమిపెడతావో." కారు తాళం జేబులో వేసుకుంటూ — "ఆఖరుసారి అడుగుతుండా. కూత లేదు కదా?"
ఎదురుగా స్వామి పటం.
"లేదు."

అక్టోబరు 12, ఆదివారం
ఏడింటికి బయలుదేరాడు. ఒక్కడే. గేటు దాటి ఆగాడు, అద్దం దించాడు. "నిన్నట్నుంచీ ఏమీ తినలేదు నువ్వు. తిను." పదిరోజులుగా లేని మాట. ఈ రోజే ఎందుకన్నాడో...

ఎనిమిది. భాకరాపేట ఘాట్ ఎక్కుతూ ఉంటాడు. ఫోన్ చేశాను. ఎత్తలేదు. కారు నడిపేటప్పుడు ఎత్తడు — తెలుసు. తెలిసే, ఆ వేళకు చేశాను.
మస్తాన్‌కు చేస్తే బైకులో వెంటపడతాడు. ఏమని చెప్పను? వినపడుతున్నా వినపడలేదన్నానని...

ఎనిమిదీ పది. మొక్కుకుందామని పటం ముందు నిలబడ్డాను. క్షేమంగా పోయి రావాలి — అంతే కదా అనాల్సింది.
'పోయి' వరకు వచ్చింది నోట.