కాలు చూసినారా?

గుడియాత్తం,
శుక్రవారం

ప్రియమైన బావకు,

యోగిత రాస్తున్నాను. పెళ్లయ్యాక మీకు ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి, నవ్వకండి. ఫోను తీస్తే చాలు, అత్త పక్కకొచ్చి కూర్చుంటుంది. ఈ ఇంట్లో అందరూ మాట్లాడేది తెలుగే అయినా చదివేది తమిళం. తెలుగు అక్షరాలు వచ్చింది మనిద్దరికే కాబట్టి అత్త ఎదురుగా కూర్చునే ధైర్యంగా రాస్తున్నాను.

మీ అమ్మకు ఎడమ కాలి బొటనవేలి కింద పుండు పడింది. చెప్పు కరిచిందో, ముల్లు గుచ్చుకుందో ఆమెకే తెలియదు. నొప్పి లేదట. నొప్పి లేదనే నాకు భయం. పసుపు అద్ది, పాత గుడ్డ చుట్టి, కుచ్చిళ్ల కింద దాచుకుంటోంది. నిన్న అన్నం పెడుతుంటే వాసన వచ్చింది. ఆమెకు చక్కెర జబ్బు మాత్రలిచ్చే మన ఊరి ఆరోగ్య కేంద్రంలో చూపించావా అంటే, "చూసినారు, బాగుండాది, నీకేం పనిలేదా?" అంటుంది.

వేలూరు ఆసుపత్రికి పోదామంటే కస్సుమంది. అక్కడికి పోతే కాలు తీసేస్తారని భయమేమో. మీరు ఊరూరా తిరిగి ఇలాంటి ఆరోగ్య కేంద్రాలకు మార్కులు వేసే మనిషి. మీ మాటైతే వింటుంది. ఒక్కసారి వచ్చిపోండి. పాపకు జలుబు తగ్గింది.

మీ
యోగిత


వేలూరు,
ఆదివారం

ప్రియమైన యోగీ,

రోజూ బస్సులో పనికొచ్చే మన కుప్పుసామి నీ ఉత్తరం తెచ్చిచ్చాడు. రెండుసార్లు చదువుకున్నాను. నీ అక్షరాలు నీ మాటలకంటే మెత్తగా ఉన్నాయి.

ఈ వారమంతా ఆలంగాయం, ఒడుగత్తూరు వైపు తనిఖీలు. కదలడానికి లేదు. కానీ నువ్వంత కంగారు పడనక్కర్లేదు. మన ఊరి కేంద్రం ఈ చుట్టుపక్కల మంచివాటిలో ఒకటి. సొంత ఊరని నన్ను పంపలేదు, మా శివప్రకాశం సారు పోయిన నెల వెళ్లి చూసి వచ్చారు. చక్కెర జబ్బువాళ్ల పాదాలు చూస్తున్నారా అన్నదానికి నిండు మార్కులు పడ్డాయి. డాక్టరు మాట నమ్మి వేసినవి కావవి. సారు గుమ్మం దగ్గర నిలబడి, బయటికి వచ్చినవాళ్లను ఒక్కొక్కరినీ అడిగారు. అందరూ చూశారనే చెప్పారు. మా పనిలో అంతకన్నా గట్టి సాక్ష్యం లేదు.

బుధవారం అక్కడ చక్కెర జబ్బువాళ్ల రోజు. అమ్మను నువ్వే తీసుకెళ్లు. ఈ ఉత్తరం ఆమెకు చదివి వినిపించు, ధైర్యంగా ఉంటుంది. నీకు అనుమానం జాస్తి. అది మీ చిత్తూరు నీళ్ల మహిమ.

నీ
దినకర్


గుడియాత్తం,
గురువారం

ప్రియమైన బావకు,

మా చిత్తూరు నీళ్లను తర్వాత తిడుదురు గాని, ముందు ఇది చదవండి. కుప్పుసామిని బస్సు దిగగానే మీ చేతికి ఇవ్వమన్నాను. పొద్దుటినుంచి ఫోను చేస్తున్నాను, తనిఖీలో ఉంటే మీరు తీయరు.

నిన్న కేంద్రానికి తీసుకెళ్లాను. జనం మెట్ల దాకా నిలబడ్డారు. పాప ఏడుస్తుంటే నేను బయట ఉండిపోయాను, అత్త ఒక్కతే లోపలికి పోయింది. నవ్వుతూ వచ్చింది. "కాలు చూసినాడా?" అన్నాను. "చూసినాడు. శానా మంచోడు" అంది.

ఈరోజు తెల్లారి ఆమె పడుకున్నప్పుడు గుడ్డ విప్పాను. బావా, వేలు నల్లగా అయిపోయింది. ఎరుపు మడమ దాటింది. ఒళ్లు కాలిపోతోంది. వేలూరికి పోదాం లే అత్తా అని కాళ్లావేళ్లా పడ్డాను. "నా కొడుకే మంచి ఆసుపత్రి అని రాసినాడు గదా, నువ్వే గదా చదివినావు. ఇంగ వేలూరికి యాల?" అంటోంది. మీరు చదవమన్నారని చదివాను. ఎందుకు చదివానా అని తల బాదుకుంటున్నాను.

మీ మార్కులు నమ్మాలా, నా కళ్లు నమ్మాలా? సెలవు ఇస్తే ఇస్తారు, లేకపోతే లేదు. కారు మాట్లాడుకుని ఈరోజే రండి. మీరొస్తేనే ఆమె గడప దాటుతుంది.

యోగిత


వేలూరు,
మంగళవారం

ప్రియమైన యోగీ,

ఫోనులో చెప్పాల్సింది చెప్పాను గాని, చెప్పలేనిది ఇంకా ఉంది. అది రాస్తున్నాను.

అమ్మను ఎక్కించుకుని కారు కదులుతుంటే నువ్వు పాపను ఎత్తుకుని గుమ్మంలో నిలబడి చూసిన చూపు ఇంకా నా కళ్లముందే ఉంది. ఆ ఆదివారమే వచ్చి ఉంటే వేలితో పోయేదని ఇక్కడి డాక్టరు అన్నారు. మెల్లగానే అన్నారు. మోకాలి కింద దాకా తీసెయ్యడానికి ఒప్పుకుంటూ సంతకం చేసింది నేనే.

నిన్న అమ్మకు బాగా తెలివి వచ్చాక అడిగాను. కాలు కోస్తారని భయపడి దాచావా అని. ఆమె ఆశ్చర్యంగా చూసింది.

"భయమా? అది కాదు నాయనా. మన ఊరి డాక్టరు సామి కుర్చీలోనుంచి లేచి కిందికి వంగినాడు. నా కాలు పట్టుకోబోయినాడు. పానాలు నిలబెట్టే చేయి అది. అది నా కాలికి తగిలితే నాకు పాపం రాదా? ఎనక్కి లాక్కున్నా. బాగుండాది సామీ, మీరు లేయండి అన్నా."

"మరి చూసినారని ఎందుకు చెప్పినావమ్మా?"

"అంత పెద్దాయన నా ముందర వంగినాడే. అది చూసినట్టు కాదా?"

శివప్రకాశం సారు గుమ్మంలో అడిగినవాళ్లలో అమ్మ కూడా ఉందట. అప్పుడూ కాలు వెనక్కి లాక్కునే, ఆయనకూ అదే చెప్పిందట. ఆమె అబద్ధం ఆడలేదు యోగీ. ఆ డాక్టరును తిడదామని చూశాను, తిట్టడానికి సగమే దొరికింది. బయట అంత జనాన్ని పెట్టుకుని, బాగుందన్న ముసలామె కాలు బలవంతంగా ఎవరు లాగి చూస్తారు? నేనే గుమ్మాల దగ్గర నిలబడి ఎంతమంది అమ్మలను ఇదే మాట అడిగానో. వాళ్లు చూసినారంటే చాలనుకుని తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయాను. వాళ్ల కాళ్లు ఇప్పుడు ఎలా ఉన్నాయోనని రాత్రి నిద్ర పట్టలేదు. నీ ముక్కు చెప్పింది నిజం. నేను వినలేదు.

ఈరోజు పొద్దున కట్టు మార్చడానికి నర్సు వచ్చింది. మన పాప కంటే ఇరవై ఏళ్లు పెద్దదేమో. ఆ పిల్ల ఇంకా ఏమీ అడగలేదు. అమ్మే దుప్పటి తొలగించి, మిగిలిన కుడి కాలు ఆ పిల్ల చేతుల్లోకి చాపింది. "ఇది గూడా చూడమ్మా. బాగా పట్టుకోని చూడు" అంది. నేను ఆ గదిలో ఉండలేక బయటికి వచ్చేశాను.

నీ
దినకర్