గడపకూ తలుపుకూ మధ్య

ఆత్మకూరు,
1878 ఆగస్టు

నెల్లూరులో ఉండే, కథ పుస్తకం రాసిన హన్నమ్మగారికి,

నన్ను మీరు ఎరగరు. నా పేరు లిదియమ్మ. నిన్ను తిట్టడానికే అక్షరాలు నేర్చుకున్నాను. చూశావా, మొదట్లోనే మీరు పోయి నువ్వు వచ్చింది. అట్లాగే రాస్తాను, నాకు మన్ననలు చేతకావు.

వీధిబడి పంతులు రమణయ్య అరుగు కింద ఏడాదిన్నర ఊడ్చాను. ఆయన అరుగు మీద, నేను కింద, ఇసకలో. "ముసలిదానివి, నీకెందుకే అక్షరాలు?" అన్నాడు. "నెల్లూరులో ఒకామెను తిట్టాల సామీ" అన్నాను. నవ్వి నేర్పించాడు.

నాకు ఒక్కతే కూతురు, ఎస్తేరమ్మ. బడిలో ఉండగా నీ అచ్చు పుస్తకం దాని చేతికి వచ్చింది. పుస్తకం బడిది కాబట్టి తాటాకుల మీద గంటంతో తనకొక ప్రతి రాసుకుంటూ పోయింది. నలభై ఆకులయ్యేసరికి పెళ్లి కుదిరింది. ఆ నలభై ఆకులే సారెగా పట్టుకుని సీతారామపురం పోయింది, యేసురత్నం ఇంటికి. మిగతా ఆకులు తర్వాత చేరాయి. అక్కడ తిరగలి దగ్గర ఆడవాళ్లకు చదివేదట. నీ కథలో ఆదెమ్మను మొగుడు కొట్టే చోటు వస్తే తిరగళ్లు ఆగిపోయేవట. పిండి ఎందుకు ఆలస్యమవుతున్నదో చూద్దామని యేసురత్నం వచ్చి విన్నాడు. "ఆకు తిప్పే చెయ్యి ఏదే?" అని అడిగాడు. ఇది చూపించింది. అడిగితే చూపించే పిల్ల అది. ఆ చేతి బొటనవేలు రోటి అంచున పెట్టి రోకలితో కొట్టాడు.

ఇది ధాత సంవత్సరం, కరువు ముదిరినప్పటి మాట. పుష్యమాసంలో ఒక తెల్లవారుజామున అది ఇల్లు విడిచింది. ఒక్కతే. చేతిలో నీ కథ తప్ప ఏమీ లేదు. బండి తోలే మదార్ సాహెబ్ వచ్చి నా వాకిట్లో నిలబడ్డాడు.

"అమ్మా, ఉదయగిరి కొండ కింద పడి ఉండాది నీ కూతురు. రెండు రోజులైనట్టుండాది. కుక్కల్ని తోలి నేనే మన్ను కప్పినాను. ఇది మాత్రం రొమ్ముకు అదుముకోనుండాది" అని ఆకుల కట్ట నా ముందు పెట్టాడు.

ఆ కట్టలోనే నేను చదువు నేర్చుకున్నాను హన్నమ్మా. ఇప్పుడు నిన్ను అడుగుతున్నాను. నలభయ్యో ఆకు వెనక వైపు చివరి వరుసలో ఆదెమ్మ గడప దాటింది. నలభై ఒకటో ఆకు మొదటి వరుసలో ఎవరో తలుపు తీశారు, చాప వేశారు, గంజి పోశారు. మధ్యలో దారి ఏదమ్మా? సీతారామపురం నుంచి ఆత్మకూరికి ఎంత దూరమో నీకు తెలుసా? చెరువుల్లో పశువుల ఎముకలు తప్ప ఏమీ లేని రోజుల్లో ఆ దారి ఎట్లా ఉండిందో తెలుసా? నువ్వు నీడలో కూర్చుని ఒక వరుసలో గడప రాశావు, మరు వరుసలో తలుపు రాశావు. గడప దాటితే చాలు, తలుపు అదే వస్తుందని నా పిచ్చిది నమ్మింది.

నీకు కూతురు ఉంటే ఒకసారి పంపించు ఆ దారిన. కుక్కలు ఇంకా అక్కడే ఉన్నాయి.

నీకు కడుపుకోత తెలియాలని కోరుకునే,
ఎస్తేరమ్మ తల్లి లిదియమ్మ


ఆత్మకూరు,
1878 అక్టోబరు

అమ్మా హన్నమ్మా,

నీ జవాబూ, అచ్చు పుస్తకమూ మదార్ సాహెబ్ బండి మీద వచ్చాయి. నన్ను ఒక్క మాట అనలేదు నువ్వు. "దారి రాశానమ్మా. వివరంగానే రాశాను. మీ అమ్మాయి ప్రతిలో ఎందుకు లేదో నాకు తెలియదు" అన్నావు, అంతే. తిట్టి ఉంటే నాకు సులువుగా ఉండేది.

చదివాను. వేలు పెట్టుకుని, వరుస వరుసా. ఆదెమ్మ గడప దాటి ఒక్కతే పోలేదు. ముందే ఒక మనిషికి చెప్పుకుంది. సంత రోజు దాకా ఓర్చుకుంది. వేయించిన జొన్నలు కొంగు అంచులో కుట్టుకుంది. అమ్ముకోను పోయే ఆడవాళ్ల గుంపులో కలిసి, కొండదారి వదిలి బండ్లబాట పట్టింది. మొదటి తలుపు తీయకపోతే అక్కడ కూర్చుని ఏడవలేదు, రెండో తలుపుకు పోయింది. అంతా రాశావు. తాటాకు మీద రాస్తే ఆరు ఆకులవుతుంది.

ఆ ఆరూ కాల్చింది నేనే.

వేలు విరిగిందని మదార్ సాహెబ్ అప్పుడే చెప్పాడు. "పోయి తెచ్చుకో అమ్మా, ఈసారి చెయ్యి విరుస్తాడు" అన్నాడు. "తెచ్చి ఏం పెట్టేది? ఆడ జొన్నలుండాయి. నా కుండలో ఏముండాది?" అన్నాను. నిజం చెబుతున్నాను, నా కూతురి వేలు ఒక పక్క, వాళ్ల గాదెలో జొన్నలు ఒక పక్క పెట్టుకుని చూశాను. జొన్నలే బరువుగా కనిపించాయి.

కథలో మిగతాది పంపమని ఎస్తేరమ్మ కబురు పెట్టింది. దాని బడి నేస్తం మస్తానమ్మ చివరి దాకా రాసి నాకు తెచ్చి ఇచ్చింది. రెండు కట్టలూ కలిపి దారం గుచ్చాక గదా అంకెలు వేస్తారు, అవి ఎస్తేరమ్మే వేసుకుంటుందని వేయకుండా ఇచ్చింది. నాకప్పుడు అక్షరం ముక్క రాదు. కట్ట తీసుకుని రమణయ్య దగ్గరికి పోయాను. నేను తాకినవి ఆయన తాకడు. నేను ఆకు తిప్పుతుంటే దూరం నుంచి చదివాడు.

"ఇందులో ఆ పిల్ల మొగుణ్ణి వదిలిపెట్టి పోయేది యాడుండాది సామీ?"

"మొదటి ఆరు ఆకులూ అదే గదా. పోతానే ఉండాది. ఏడో ఆకులో చేరి సుఖంగా కూర్చున్నాది."

ఆ ఆరూ పొయ్యిలో పెట్టాను. వాటి మీద గంజినీళ్లు కాగాయి. మిగిలినవి సీతారామపురం పంపాను. ఇల్లు వదిలిపోయే మాటే లేకుండా సుఖంగా కూర్చోవడం మాత్రం మిగిలితే నా బిడ్డ కుదురుగా కాపురం చేసుకుంటుందని అనుకున్నాను. ఆదెమ్మ గడప దాటడం నలభయ్యో ఆకు వెనక అప్పటికే ఉందని నాకేం తెలుసు? ఆ ఆకు సీతారామపురంలో ఉంది. చదవడం వచ్చాక కూడా, నేను కాల్చినవాటిలో మొగుణ్ణి వదిలే మాటే ఉందనుకుని, దారి నువ్వే రాయలేదని నిన్ను తిట్టాను. నేను ఇల్లు వదలడం తీసేశాననుకున్నాను. దారి తీసేశాను.

నలభై ఒకటో ఆకు మీది అంకె వంకరగా ఉంది. విరిగిన వేలితో వేసుకుంది. ఆ అంకె మీదే నేను ఒకట్లు దిద్దుకున్నాను.

నిన్ను తిట్టిన ఉత్తరం పారేయవద్దు. అందులో నీ పేరు కొట్టేసి నా పేరు రాసి దాచు.

లిదియమ్మ


ఆత్మకూరు,
1879 సెప్టెంబరు

అక్కా,

ఏడాదిగా నేను ఆరు ఆకులే రాస్తున్నాను. కథ మొత్తం రాసే ఓపిక లేదు. గంటం జారి ఆకును చీలుస్తుంది, మళ్లీ మొదలుపెడతాను. మర్రిపాడు నుంచీ కొండాపురం నుంచీ సంతకు వచ్చే ఆడవాళ్లు అడిగి పట్టుకుపోతున్నారు. నీ పేరు తెలియని వాళ్లు కూడా "ఆదెమ్మ దారి ఉండాదా అవ్వా?" అంటారు. చదువు రాని వాళ్లు తిరగలి దగ్గర విని నోటికి నేర్చుకుంటున్నారు. ఎవరికి ఇచ్చినా ముందు నేనెవరో, ఏం కాల్చానో చెప్పి, తర్వాతే ఇస్తాను. కొందరు తీసుకోకుండా పోతారు. పోనీ.

యేసురత్నం మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. పిల్ల పేరు శీనమ్మ, మర్రిపాటి పిల్ల. మదార్ సాహెబ్ భార్య సుగ్రాబీ గాజుల మూటలో పెట్టి నా ఆకులు దానికి చేరవేసింది. ఆకులు యేసురత్నానికి దొరికాయి. కాల్చాడు. వాడూ నాలాగే, కాలిస్తే అయిపోతుందనుకున్నాడు. అప్పటికే దానికి అంతా నోటికి వచ్చు. వాడి ఎదుటే అప్పజెప్పిందట, ముందు ఒక మనిషికి చెప్పుకోవాలి, తర్వాత జొన్నలు కుట్టుకోవాలి అని.

అయినా సంత రోజు దాకా ఓర్చుకుంది. ఈ పొద్దున సుగ్రాబీతో, ఇంకో నలుగురు ఆడవాళ్లతో బండి దిగింది. కొంగు అంచు జొన్నలతో బరువుగా వేలాడుతోంది. మూతికి గుడ్డ కట్టుకుని ఉంది. నా తలుపు తెరిచే ఉంది. చాప వేశాను.

"లోపలికి రా బిడ్డా."

రాలేదు. "ఆకులు పంపింది నువ్వే గదా?"

"నేనే."

"ముందు కాల్చింది?"

"అదీ నేనే."

"అయితే ఈ చాప మీద నేను కూర్చోను అవ్వా. రెండో తలుపుకు పోతాను. అట్లనే గదా రాసిచ్చినావు."

నీళ్లు ఇచ్చాను. ఆ ముంత సుగ్రాబీ చేతికి ఇచ్చి, ఆమె పోస్తేనే తాగింది. నేను బతిమాలలేదు. ఎస్తేరమ్మ తరఫున ఒకరన్నా నన్ను ఆ మాట అనాలి కదా.

వాళ్లు ఎద్దులకు మేత వేసేలోగా ఇది రాస్తున్నాను. ఈ ఉత్తరం తెచ్చి నీ ముందు నిలబడ్డది ఆ శీనమ్మే. నువ్వు రాసిన తలుపు నిజంగా ఉందో లేదో ఈ రోజు తేలుతుంది. తియ్యి. చాప వెయ్యి.

గంజి పలచగా కాయి అక్కా. దాని ముందు పళ్లు రాలగొట్టాడు.

లిదియమ్మ