బంక పోయిన సిపాయి

స్వర్ణలతా, నువ్వు ఎవరికి భార్యవి? దేవుని ఎదుట నీ చెయ్యి పట్టుకున్న నాకా, తుపాకి పట్టుకున్న ఆ ఐర్లండ్ సిపాయికా?

ప్రభువు కృప వల్ల నాచారంలో నేనూ, మన ప్రార్థన కూటానికి వచ్చేవాళ్లూ బాగున్నాం. ఘట్‌కేసర్‌లో మీ అక్క రత్నకుమారి ఇంట నువ్వూ సుఖమేనని తలుస్తాను. పోయిన ఉత్తరంలో ఒక్కటే అడిగావు: "ఏవండీ, నా స్టాంపుల ఆల్బం భద్రమేనా?" నా మోకాలి గురించి ఒక్క ముక్క లేదు. నొప్పి అలాగే ఉంది. ఆల్బం సంగతి చెబుతాను, చదువు.

ఉప్పల్‌లో స్టాంపులమ్మే బసవరాజు గురువారం వచ్చాడు. పంపింది నువ్వేనని తెలుసు. కుర్చీ అంచున కూర్చుని బతిమాలాడు.

"అన్నా, వదినకు కోపమొచ్చింది, పోయింది. ఆల్బం నాకియ్యి, ఇచ్చొస్తా. ఇయ్యకుంటే మానె, జర నీళ్లు తగలనియ్యకు. ముద్ర పడని పాత స్టాంపులు గవి. ఎనక బంక పోయిందంటే ఎవడు ముట్టడు."

"బంకలో ఏముందయ్యా?"

"పానమంత గండ్లనే ఉన్నదన్నా!"

పిచ్చివాడు, దారి తనే చూపించి వెళ్లాడు.

పై అధికారులకు లోబడమంటుంది వాక్యం. నువ్వేమో దొరల మీద తిరగబడ్డ ఐర్లండ్ వాళ్ల బొమ్మలున్న స్టాంపులు ఏళ్ల తరబడి కూడబెట్టావు. "మనల్ని ఏలిన దొరలనే వాళ్లూ వెళ్లగొట్టారండీ" అని మురిసిపోయేదానివి. నీ పొగరు అక్కడిదే. లేకపోతే ఆల్బం తగలబెట్టమని నేనన్నప్పుడు, నిండు కూటంలో లేచి, "మీ కోపానికి దేవుడి పేరు పెట్టకండి" అంటావా? రాజ్యమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నేను చూశాను.

ఇక దాచను. నిన్న స్టీలు గిన్నెలో గోరువెచ్చని నీళ్లు పోసి, స్టాంపు మీద డబ్లిన్ పోస్టాఫీసు ముందు కాపలా నిలబడ్డ నీ ఐర్లండ్ సిపాయికి బాప్తిస్మమిచ్చాను. బంకంతా కరిగిపోయింది. ఈ కవరులోనే పెట్టాను. వెనక వేలితో తడిమి చూడు, నున్నగా ఉంటాడు. నాకు జాలి కలగలేదు. వద్దన్నా వెనక్కి తిరిగి చూసి ఉప్పు స్తంభమైన బైబిల్లోని ఆడదాని మీద దేవుడికీ కలగలేదు.

మిగతా పేజీలు బల్ల మీదున్నాయి. బసవరాజు మళ్లీ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఉత్తరం అతని చేతికే ఇస్తున్నాను, బండి మీద మధ్యాహ్నానికల్లా నీకు చేరుతుంది. సాయంత్రం కూటంలో అందరి ముందు మోకరించి, నన్నన్న ఆ మాట తప్పేనని ఒప్పుకో. ఆల్బం నీదే, తగలబెట్టమని కూడా అనను. రాకపోతే ఆఖరి ప్రార్థన కాగానే పేజీలన్నీ నీళ్లలోకి పోతాయి. రేపు ఏడ్చుకుంటూ వస్తే తడి కాగితాలు ఆరబెట్టుకుందువు గాని. మీ అక్కని సలహా అడక్కు. చెప్పులేసుకో, ఇవాళే, ఇప్పుడే బస్సెక్కు!

ఇట్లు,
నీ ఆత్మ నశించకూడదని కోరే
నీ భర్త కనకరాజు