అమ్మ అడిగిన బొమ్మిడాయిలు

ఏప్రిల్ 22, మంగళవారం

సమ్మర్ బ్యాచ్ మొదలైంది. మా అల్లూరులో స్పోకెన్ ఇంగ్లీషు చెప్పి బతికేవాణ్ణి నేనొక్కణ్ణే. ఈరోజు పాఠం, ఏదైనా తినాలని మహా కోరికగా ఉంటే ఏమనాలి? ఐ యామ్ డైయింగ్ ఫర్ ఎ కాఫీ. ఐ కుడ్ మర్డర్ ఎ బిర్యానీ. ఐ వుడ్ కిల్ ఫర్ ఎ మసాలా దోస. అనూష అనే పిల్ల లేచి, ఏంది సార్, తిండి కోసం ఇన్ని హత్యలా అంది. క్లాసంతా నవ్వు. నేనూ నవ్వాను.

పక్క గదిలో మంచం మీద అమ్మ అంతా విన్నదట.

ఏప్రిల్ 23

అమ్మ కిడ్నీలు దెబ్బతిని ఏడాది. ఉప్పు, పులుపు, చేప అన్నీ బంద్. ఈరోజు చప్పిడి సొరకాయ కూర పక్కకి తోసి, మీ దొరల మాదిరే ఉందిరా నాకూ, బొమ్మిడాయిల పులుసు కోసం నాలుక పీకతా ఉంది అంది. కసిరాను. నన్ను నా భార్య అబిగయీలు కసిరింది.

మే 2

మళ్ళీ అడిగింది.

మే 4, ఆదివారం

చర్చిలో పాస్టరుగారు ఏం చెప్పారో గుర్తు లేదు. చిన్నప్పుడూ ఇంతే. అమ్మ శనివారమే పులుసు వండి, నా భయానికి మూత మీద రోలు బండ పెట్టేది. మర్నాడు ప్రార్థనంతా నా ధ్యాస ఆ కుండ మీదే. మౌత్ వాటరింగ్ అని బోర్డు మీద ఎన్నిసార్లు రాశానో! నిజంగా నోరూరింది మాత్రం ఆ బెంచీ మీదే. ఆ రోజులు ఎంత బాగుండేవి.

మే 16, శుక్రవారం

నెల్లూరు వెళ్ళాం. డాక్టరుగారు రిపోర్టులు చూసి, నన్నొక్కణ్ణే లోపలికి పిలిచి, ఇక ఆవిడ ఏదడిగితే అది పెట్టండి అన్నారు. ఏడాదిగా ఈ మాట కోసమే ఎదురుచూశాను. విన్నాక, ఇంకో మందేదైనా రాయండి సార్ అని అడిగాను.

మే 17, శనివారం, సాయంత్రం 6

మార్కెట్టులో బొమ్మిడాయిలు దొరికాయి. బేరం కూడా ఆడలేదు. మామిడికాయ ముక్కలు వేసి నేనే వండాను. మంచం మీద నుంచి అమ్మ ఆర్డర్లు. గరిటె పెట్టి తిప్పబాక, ముక్క విరుగుద్ది. మెంతిపిండి చాల్లే.

దించగానే గిన్నెలో పట్టుకెళ్ళాను. వద్దంది. వండిన పూటే తినేది ఆబగాళ్ళు, రేపటికి పులుపు ముక్కకి పట్టుద్ది, అప్పుడు పెట్టు అంది. ఒక్క ముక్క తినమ్మా అని బతిమాలాను. ఏడాది ఆగినదాన్ని, ఒక రాత్రి ఆగలేనా అబ్బయ్యా అంది. కుండ మాత్రం మంచం పక్కనే పెట్టించుకుంది. వాసన పీలుస్తూ తనలో తనే నవ్వుకుంటోంది. ఇంత సంతోషంగా అమ్మని చూసి ఎన్నాళ్ళయిందో.

మే 18

పొద్దున లేపితే అమ్మ లేవలేదు.

మే 19

చుట్టాలు పులుసు పారబోయమన్నారు. అబిగయీలు ఒప్పుకోలేదు, వేడి చేసి ఉంచింది. అన్నంలో కలుపుకుని తిన్నాను. ముక్కకి బాగా పట్టింది.

నాకు అమ్మ కావాలి.