రంగు పట్టని గిటారు

అన్నా,

ఎలా ఉన్నావని అడగను. నువ్వు పోయి పదకొండు నెలలైంది. ఇక్కడ మళ్లీ నాట్లు మొదలయ్యాయి. ప్రాణహిత నిండుగా పారుతోంది.

మన పాత టేకు తలుపు కోసి నువ్వు చేసిన గిటారుకు నిన్న రంగు వేశాను. పాడు చేశాను.

సంవత్సరీకం నాటికి దాన్ని నువ్వనుకున్నట్టే మెరూన్ రంగులో చూడాలని వదిన అడిగింది. ఏడాదిలో నన్ను ఆమె అడిగింది ఇదొక్కటే. నీ పనిముట్ల పెట్టెలో రంగు పొడి పొట్లం నువ్వు చుట్టి పెట్టినట్టే ఉంది. స్పిరిట్‌లో కలిపి పాత బనీను గుడ్డతో రుద్దాను. ముందువైపు రంగు నిలవలేదు... ఒకచోట చారలు, ఒకచోట తెల్లటి మచ్చలు. గజ్జి పట్టిన దూడ ఒంటిలా ఉంది.

ఎందుకో నీకు తెలుసు. తెలియనిది నాకే. నువ్వు చంద్రపూర్ దవాఖానాలో ఉన్నప్పుడు ఇక్కడ ముసురు పట్టింది. చెక్క మీద బూజు కనబడింది. వానలకు ముందు నాగలికీ బండికీ ఏం చేస్తామో అదే చేశాను, ఇప్పనూనె రాశాను. ఒకసారి కాదు, మూడుసార్లు. ప్రేమతోనే రాశానన్నా. గోడకు ఆనించి ఉంది కాబట్టి వెనకవైపు రాయలేదు. నిన్న ఆ వెనకవైపు ఎంత చక్కగా రంగు పట్టిందో!

గరుకు కాగితంతో గీకేద్దామంటే భయం. "పైచెక్క ఇంక సన్నం జేస్తే పగుల్తదిరా" అని నువ్వే అన్నావు. ఆ ఒక్కటి మాత్రం పూర్తిగా చెప్పావు.

మిగతావన్నీ సగమే. దవాఖానా నుంచి ఫోన్ చేసి "గిటార్‌ను ముట్టకు, నేనొచ్చి రంగేస్త" అన్నావు. నూనె తాగిన చెక్కకు రంగు పట్టదని ఇంకో మాట అంటే నీ సొమ్మేం పోయేది? "జర జరమే, రెండు దినాలల్ల వస్త" అన్నావు. మలేరియా తలకెక్కిందని ఎందుకు చెప్పలేదు? నీకే తెలియదా? మూడో రోజు వచ్చావు... జీపులో, దుప్పటి కప్పుకుని.

ఈ కోపంతోనే ఏడాది గడిపాను. అన్న నా దగ్గర దాచాడని వచ్చినవాళ్లందరికీ చెప్పుకున్నాను. వదిన ఎదుట కూడా అదే మాట అన్నాను.

నిన్న ఆ మచ్చల ముందు కూర్చుంటే ఒళ్లు మండింది. నీ మీద కాదు. ఆ రోజు ఫోన్‌లో నీ పళ్లు టకటకా కొట్టుకోవడం నాకు వినబడింది. మాటమాటకూ ఆయాసపడ్డావు. కానీ నారు ముదిరిపోతోంది, మర్నాటికి కూలీలు కుదిరారు. కొంచెం జ్వరమే అన్నావు కదా అని ఫోన్ పెట్టేశాను. నువ్వు చెప్పింది సగమే, నిజం. మిగతా సగం నేను విని కూడా విననట్టు ఊరుకున్నాను.

గిటారును వెనక్కి తిప్పి పెడదామా అంది వదిన, రంగు బాగున్న వైపు కనబడుతుందని. సరే అనబోయాను...

వద్దు. నీ ఫొటో పక్కన ముందువైపే కనబడేట్టు పెడతాను. నూనె సంగతి అడిగినవాళ్లందరికీ చెబుతాను. ఆ ఫోన్ సంగతి మాత్రం సంవత్సరీకానికి ముందే వదినకు చెబుతాను. ఆ తర్వాత ఆమె నాకు అన్నం పెట్టినా, పెట్టకపోయినా సరే.

నీ తమ్ముడు