మంటలు కోసిన చేయి

జనవరి 19, కోరుట్ల

ఇంకో బాడీ పాడుచేశాను. రిమోట్ కారు బాడీ గాజులా కనిపించే ప్లాస్టిక్, రంగు లోపలి నుంచి కొట్టాలి. మాస్కింగ్ షీట్‌ని మంట ఆకారంలో కోసి, అతికించి, స్ప్రే చేసి, పీకేయాలి. నా మంటల అంచులు ఎలుక కొరికినట్టు వచ్చాయి. జగిత్యాల ఫ్లెక్స్ షాపులో నాలుగేళ్లుగా డిజైనర్‌ని. స్క్రీన్ మీద ఏదైనా గీస్తాను. బ్లేడు పట్టుకుంటే మాత్రం గీత వంకర పోతుంది.

జనవరి 21

అమ్మ బీడీల చేట పక్కన పెట్టి, గిది నాకియ్యి కొడుకా అంది. ముప్పై ఏళ్లుగా బీడీలకు తునికాకు కోసిన కత్తెర. రెండు షీట్లు వీపులు ఆనించి ఒకేసారి కోసింది, ఎడమ తలుపుకొకటి, కుడి తలుపుకొకటి. కత్తెర కదలదు. ఆకును తిప్పినట్టు షీట్‌నే తిప్పుతుంది. మంట కొనలు సూదుల్లా వచ్చాయి. సంతోషించాల్సింది పోయి కుళ్లుకున్నాను.

ఫిబ్రవరి 2

కారు ఫోటో ఇన్‌స్టాలో పెట్టాను. కింద నా పేరే రాసుకున్నాను: హ్యాండ్ కట్ బై అజయ్.

ఫిబ్రవరి 5

సిరిసిల్ల నుంచి అర్జున్ రావు గారు ఫోన్ చేశారు. మోడల్ కార్ల క్లబ్ నడుపుతారు. మెషీన్ల కోసినయి సూసి సూసి యాష్టకొచ్చింది, నీ చెయ్యి బంగారం తమ్మీ అన్నారు. ఆదివారం షోలో అందరి ముందు కోసి చూపించాలట. సరే సార్ అన్నాను. ఎందుకన్నానో తెలియదు.

అమ్మకి షో ఉందని మాత్రం చెప్పాను. నేను గూడ అస్త, నేను కోసినయి ఉరుకుతాంటె ఎట్ల కనవడ్తయో సూస్త అంది. అందరూ ఇంగ్లిష్ మాట్లాడేవాళ్లు, నీకు బోర్ కొడుతుంది అన్నాను. సరే తియ్ అని నా చొక్కా ఇస్త్రీ చేసింది.

నిజమేంటంటే, ఆకు వాసన కొట్టే చేతులతో ఆమె అక్కడ నిలబడటం నాకు ఇష్టం లేదు. ఇది రాస్తుంటే సిగ్గుతో చచ్చిపోతున్నాను.

ఫిబ్రవరి 9, ఉదయం 8, బస్సులో

బస్టాండు దగ్గర మెడికల్ షాపులో బ్యాండేజీ కొని చూపుడువేలికి చుట్టుకున్నాను. వేలికి ఏమీ కాలేదు.

అదే రోజు, సాయంత్రం 6

ఎవరూ అనుమానించలేదు. అదే ఎక్కువ బాధ. అర్జున్ రావు గారు నా చేయి పట్టుకుని, పనోని చెయ్యి, పైలం తమ్మీ అన్నారు. కారు పరుగెత్తుతుంటే అందరూ ఫోన్లు తీశారు. ఎవరు నేర్పారని ఒకాయన అడిగితే యూట్యూబ్ అన్నాను. యూట్యూబ్! వచ్చే ఆదివారం అర్జున్ రావు గారు మా ఇంటికే వచ్చి, నేను కోస్తుంటే చూస్తారట.

ఇంటికొచ్చినా కట్టు తీయడం మరిచాను. అమ్మ కంగారుగా పసుపు తెచ్చి కట్టు విప్పింది. వేలు అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. కోసి సూపియ్యమన్నరా అని అడిగింది. ఊ అన్నాను. ఆదివారం ఆయన వస్తారనీ చెప్పాను. మళ్లీ అదే కట్టు కట్టింది, నాకంటే నీటుగా.

ఫిబ్రవరి 16

అర్జున్ రావు గారు వచ్చారు. వేలు తగ్గిందా అని అడిగారు. ఈసారి చెప్పేద్దామనే అనుకున్నాను. నేను నోరు తెరిచేలోపే, బాగ తెగింది సారూ, ఇంక మానలే అని అమ్మ చెప్పింది. తన చేతులు కొంగు కింద పెట్టుకుంది.

నేను తల ఊపాను.